బొమ్మ బరువు తగ్గించుట

ఒక ఛాయాచిత్రములో అడ్డముగా 1000, నిలువుగా 1000 బిందువులున్నవనుకొందము. బిందువునకు 3 బైట్ల చొప్పున మొత్తము 30 లక్షల బైట్లు కావలెను. ఇంత బరువైన బొమ్మ వెబ్‌సైటులో నెమ్మదిగా తెరుచుకొనును. అందుచేత వెబ్‌సైటు కట్టువారు బొమ్మను ముందుగనే కుదించుదురు.

ఇది ఎట్లు సాధ్యము? 1992లో ప్రమాణముగా వెలువడిన జేపెగ్ పద్ధతిలో చిత్రమును 8 × 8 బిందువుల గళ్ళుగా విభజింతురు. నాసిర్ అహ్మద్, నటరాజన్, రావులు 1974లో ప్రకటించిన కొసైన్ పరివర్తనచే, గడిలో నిదానముగా మారు ఛాయలును, వడివడిగా మారు ఛాయలును వేరగును. రెండవ రకపు సూక్ష్మభేదములను మన కన్ను అంతగా గుర్తింపజాలదు. కనుక వాటిని స్థూలముగా లెక్కగట్టి, చాలవరకు సున్నలు చేయుదురు. సున్నల వరుసను క్లుప్తముగా వ్రాయవచ్చును గదా!

కాని విడిచిన వివరము తిరిగి రాదు. మరల మరల కుదించినచో బొమ్మలోని అక్షరముల అంచులు చెదరును. కావున మూలచిత్రమును భద్రపరచి, నకలునే కుదింపవలెను.