రాజమహళ్లు చూసి వద్దామా?



సెలవులు వచ్చాయంటే పిల్లలు "ఎటన్నా పోదామమ్మా" అని కొంగు పట్టుకుంటారు. దూరాభారం ప్రయాణాలంటే నాలుగు రోజులు, చేతినిండా ఖర్చు. తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరేటట్టు హైదరాబాదులో నిజాం మహళ్లు చూసి రావచ్చు గదా! సిరిసిల్లవారికి ఇది తేలిక. జగిత్యాల, కోరుట్లవారు మాత్రం మొదటి బస్సే పట్టుకోవాలి. 2023 డిసెంబరులో వచ్చిన పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన ఆడవాళ్లకు టికెట్టు ఖర్చు లేదు. ఆధార్ కార్డు మరవకండి. జూబ్లీ బస్టాండులో దిగి మెట్రోలో ఎం.జి.బి.ఎస్. చేరితే, అక్కడి నుంచి ఆటో. శుక్రవారం పోకండి. ఆ రోజు చౌమహల్లాకూ, పురానీ హవేలీ మ్యూజియానికీ సెలవు.

చౌమహల్లా అంటే నాలుగు మహళ్లు. 1750లో సలాబత్ జంగ్ మొదలుపెట్టిస్తే, అఫ్జలుద్దౌలా కాలానికి (1857–69) పూర్తయింది. దర్బారు హాలులో 19 బెల్జియం గాజు దీపగుచ్ఛాలు వేలాడుతుంటాయి. పిల్లలు వాటి తళుకు చూస్తారు. ఇల్లాలికి మాత్రం వేరే ఆలోచన వస్తుంది: ఇన్ని గాజుముక్కలను రోజూ తుడిచిన చేతులెవరివో! ఆ మాట పిల్లలతో పైకే అనండి.

దగ్గర్లోని పురానీ హవేలీలో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువాలున్నాయి. పొడవైన హాలుకు ఇరుపక్కలా, రెండంతస్తుల్లో! తొడిగిన బట్ట మళ్లీ తొడిగేవాడు కాదని చెప్పుకుంటారు. ఫలక్‌నుమా 2010 నుంచి హోటలు; దాన్ని ఈ ప్రయాణంలో కలుపుకోకండి.

అంతదూరం పోలేనివారికి కామారెడ్డి దగ్గర దోమకొండ గడీ ఉంది. కోటలోనే కాకతీయుల నాటి మహాదేవుని గుడి, అద్దాల బంగ్లా ఉన్నాయి. శిథిలమైనదాన్ని బాగుచేసినందుకు 2022లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది. లోపలికి రానిస్తారో లేదో ముందే కనుక్కొని బయలుదేరండి.

గడీ అంటే మన జిల్లాల్లో వట్టి మేడ కాదు గదా! ఎన్నో ఊళ్లలో దొర గడీకి బట్టలుతికినా, నీళ్లు మోసినా, వడ్లు దంచినా కూలి లేదు; అదంతా వెట్టి. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీలు వేలల్లో కదిలింది ఆ బాధలకే. తర్వాత చాలామంది దొరలు గడీలు విడిచి పట్నం చేరారు. ఇప్పుడు కొన్ని ఊళ్లలో ఆ గోడల మీద రావిమొక్కలు మొలిచాయి.

అందుకని మహళ్లు చూడవద్దని కాదు. పనితనం మెచ్చుకోండి. ఆ సున్నం పని, చెక్కడాలు మన మేస్త్రీల, వడ్రంగుల చేతి ముద్రలే. అయితే రాజుగారి పేరు చెప్పినప్పుడు, పేరు లేనివాళ్లనూ ఒక మాట తలుచుకోండి. పిల్లలకు చరిత్ర పరీక్ష కోసం కాక, మనుషుల కోసం గుర్తుంటుంది.

ఇక సద్ది కట్టుకోవడమే తరువాయి. పులిహోర అయితే సాయంత్రందాకా పాడవదు, మంచినీళ్లు రెండు సీసాలు ఎక్కువే పెట్టుకోండి. సెలవు.