చెరువు గట్టు మీది మచ్చల జంతువు: నీటిపిల్లి ఎందుకు వస్తుంది? ఎలా బతుకుతుంది?

లంకెవానిదిబ్బ, అడవులదీవి, నిజాంపట్నం వైపు చెరువుల మీద రాత్రి కాపలా ఉన్నవాళ్లకు టార్చి వెలుగులో మచ్చల జంతువు కనబడితే ముందు తోచేది చిరుతపిల్ల అనే. రేపల్లె దిగువన మడ అడవుల అంచున తిరిగేది మాత్రం నీటిపిల్లి. ఫిషింగ్ క్యాట్ అనేది దీన్నే. కొందరు బావురుపిల్లి అని కూడా అంటారు.

చిరుతపిల్ల కాదని ఎలా తెలుస్తుంది? తోక చూడండి. చిరుతకు తోక పొడుగు, నీటిపిల్లికి పొట్టి, లావు. చిరుత ఒంటి మీద మచ్చలు గుండ్రంగా, గుత్తులుగా ఉంటాయి. దీనికి బూడిదరంగు ఒంటి మీద నల్లటి కోల మచ్చలు వరుసలు కట్టి ఉంటాయి. ఎదిగిన మగది 16 కిలోల దాకా తూగుతుంది కాబట్టి పెంపుడు పిల్లి అనుకోవడం కుదరదు. తెనాలి, బాపట్ల చుట్టుపక్కల పొలాల్లో చెరకు, జొన్న చాటున పరుగెత్తేది చాలావరకు జంగపిల్లి. దానికి కాళ్లు పొడుగు, ఒంటి మీద మచ్చలుండవు.

పిల్లికి నీళ్లంటే గిట్టదు కదా, ఇదెలా ఈదుతుంది? దీని బొచ్చు రెండు పొరలు. లోపలి పొర పొట్టిగా, ఎంత దట్టంగా ఉంటుందంటే నీళ్లలో మునిగినా తడి చర్మం దాకా చేరదు. వేళ్ల మధ్య కొంతమేర పలుచని పొర ఉంటుంది. గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు. గట్టు మీద కదలకుండా కూర్చుని చేప పైకి రాగానే పంజాతో లాగుతుంది, అవసరమైతే దూకేస్తుంది. చేపలు, పీతలు ముఖ్యమైన తిండి. ఎలుకలనూ వదలదు. ఈ సంగతి వరి రైతులు గుర్తుపెట్టుకుంటే మంచిది.

మరి అడవి వదిలి చెరువు మీదికి ఎందుకు వస్తుంది? నిజానికి అది మన దగ్గరికి రాలేదు, మనమే దాని దగ్గరికి వెళ్లాం. కృష్ణ సముద్రంలో కలిసే చోట మడ అడవిని 1989లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం దాదాపు 195 చదరపు కిలోమీటర్లు. 1990ల్లో రొయ్యల సాగు ఊపందుకుని చెరువులు మడ అంచుల దాకా పాకాయి. తీరంలో ఆ సాగును కట్టడి చేస్తూ 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఇచ్చింది. క్రీకులో గంటలకొద్దీ మాటు వేసి పట్టాల్సిన చేప చెరువులో చేతికందేలా ఉంటే ఏ జంతువైనా చెరువుకే వస్తుంది.

మడ పోయిన చోట మళ్లీ మొలిపించడం ఎలా? మొక్కలు తెచ్చి నాటితే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. చెట్లు కొట్టేశాక నేల మీద ఎండ నేరుగా పడి, మట్టిలో నీరు ఆవిరై నేల కుంగుతుంది. పోటుకు లోపలికొచ్చిన ఉప్పునీరు పాటుకు వెనక్కి పోలేక అక్కడే నిలిచిపోతుంది. ఆ నీరూ ఆవిరైతే ఉప్పు పేరుకుంటుంది. అందులో మడ మొక్క కూడా బతకదు. అందుకని అటవీ శాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్ కలిసి కృష్ణా, గోదావరి మడల్లో వేరే దారి పట్టాయి. మధ్యలో పెద్ద కాలువ తవ్వి, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు తీశారు. పైనుంచి చూస్తే చేప ముల్లు ఆకారం. పోటు నీరు వచ్చి పోతూ ఉంటే ఉప్పు కడిగేసుకుపోతుంది, నేల మెత్తబడుతుంది, ఆ తర్వాత నాటింది నిలబడుతుంది. నా దృష్టిలో ఇక్కడ నీటిపిల్లికి జరిగిన అన్నిటికన్నా పెద్ద మేలు ఈ కాలువలే. మొక్కలు నాటే ఫొటోలకున్న ప్రచారం వీటికి లేదు, అది వేరే సంగతి.

నీటిపిల్లికి జబ్బుల సంగతేమిటి? ఇక్కడ దక్షిణ అమెరికా ఒంటెజాతి జంతువు వికూన్యా కథ పనికొస్తుంది. లామా, అల్పాకాలకు అది అడవి చుట్టం. అర్జెంటీనాలోని సాన్ గిల్యెర్మో పార్కులో 2014 తర్వాత గజ్జి వ్యాపించి వికూన్యాలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ ప్రాంతానికి తోలుకొచ్చిన పెంపుడు లామాల నుంచి అంటుకుని ఉంటుందని పరిశోధకుల అంచనా. మన దగ్గర జబ్బు అంటించే ఆ పాత్ర కుక్కలది. 2018లో గుజరాత్ గిర్ సింహాల్లో బయటపడిన డిస్టెంపర్ వైరస్ కుక్కలకు మామూలుగా వచ్చేదే. చెరువు కాపలాకు కుక్కను పెంచేవాళ్లు దానికి టీకాలు వేయిస్తే కుక్కా బతుకుతుంది, పిల్లీ బతుకుతుంది.

చేపలు పోగొట్టుకునే రైతు దాన్ని ఎందుకు కాపాడాలి? ఇదే అసలు ప్రశ్న, తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. దీనికీ వికూన్యా కథే పనికొస్తుంది. 1960ల నాటికి వాటి సంఖ్య పదివేలకు పడిపోయింది. వేట మీద నిషేధాలు, పెరూలో పంపా గలేరాస్ రిజర్వు దానికి ఊపిరి పోశాయి. అయితే వాటితోనే ఆగలేదు. పల్లె జనం వాటిని చుట్టుముట్టి పట్టి, బొచ్చు కత్తిరించి, ప్రాణంతో వదిలేసే పాత ఇంకాల పద్ధతికి మళ్లీ చట్టబద్ధంగా చోటిచ్చారు. వికూన్యా రక్షణకు దేశాల మధ్య కుదిరిన 1979 ఒప్పందంలోనే ఆండీస్ పల్లెలకు ఆదాయం దక్కాలని రాసుకున్నారు. ఒక్కో జంతువు నుంచి వచ్చేది పావు కిలో లోపే అయినా ఆ ఉన్ని చాలా ఖరీదైనది. ఇప్పుడు వాటి సంఖ్య 3 లక్షలు దాటింది. ఇదంతా సాఫీగా జరుగుతోందని కాదు. దొంగవేట ఆగలేదు, ఆ ఉన్నితో తయారైన కోటు ధరలో పల్లెకు చేరే వాటా చిన్నదే.

నీటిపిల్లికి కత్తిరించి అమ్ముకునే బొచ్చు లేదు. దాని బదులు అది ఉండే మడ ఉంది. మండపీతలు, రొయ్య పిల్లలు, రకరకాల చేపలు పెరిగేది ఆ మడచెట్ల వేళ్ల మధ్యనే. తుపాను అలల జోరు తగ్గించేదీ అదే. ఈ లాభం వేటకెళ్లే మత్స్యకారుడికి అందుతుంది, చెరువు రైతుకు నేరుగా అందదు. అందుకే చెరువు రైతుకు వలకంచెకో, చేపల నష్టానికో సాయం దొరకాలి. నష్టమంతా ఒకడి నెత్తిన వేసి రక్షణ పాఠాలు చెబితే ఎవరూ వినరు.

చట్టం మాత్రం స్పష్టం. నీటిపిల్లి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. చంపితే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్ల జైలు. ఉచ్చులు, కరెంటు తీగలు పెట్టకండి. జమ్ములోనో తుంగలోనో కూనలు కనిపిస్తే ఇంటికి తీసుకురాకండి. తల్లి వేటకెళ్లి ఉంటుంది. దూరంగా జరిగి, అటవీ శాఖ వాళ్లకు కబురు చేయండి.