ఒకేలా మోగే చప్పుడు

సముద్రం అడుగున చమురు, సహజవాయువు వెతకాలంటే కళ్లతో పని జరగదు. 200 మీటర్లు దిగేసరికి ఎండ దాదాపు ఆరిపోతుంది. రాడార్ తరంగాలు ఉప్పునీటి పైపొర దాటలేవు. ఉపగ్రహాలు సముద్రమట్టంలోని ఎగుడుదిగుళ్లను కొలిచి, కింద గురుత్వాకర్షణ ఎక్కడ ఎక్కువో ఎక్కడ తక్కువో చెబుతాయి. దాన్నిబట్టి మట్టి, ఇసుక మందంగా పేరుకున్న బేసిన్ ఎక్కడుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది గానీ, అడుగుకు మూడు కిలోమీటర్ల కింద ఏ పొర ఎటు వంగిందో తెలియదు. అంత లోతుకు వెళ్లి, అంత వివరంగా కబురు తేగలిగింది శబ్దమే. నీటిలో సెకనుకు సుమారు 1500 మీటర్ల వేగంతో దిగి, రాతిలో ఇంకా వేగం పుంజుకుని, పొర మారిన ప్రతిచోటా అది కొంత వెనక్కి వస్తుంది. ఆ ప్రతిధ్వనులతో నేల కింది పొరల బొమ్మ గీయవచ్చని 1921లో క్లారెన్స్ కార్చర్, ఆయన సహచరులు అమెరికాలోని ఓక్లహామాలో నిరూపించారు. ఆ పద్ధతిని సముద్రంలో నిలబెట్టిన యంత్రం ఎయిర్ గన్. భయంకరంగా మోగుతుంది కాబట్టే అది గెలిచిందని చాలామంది అనుకుంటారు. ప్రతిసారీ ఒకేలా మోగుతుంది కాబట్టి గెలిచిందని నేనంటాను. దాని చరిత్రంతా ఈ మాటకే సాక్ష్యం చెబుతుంది, దాని మీద ఇప్పుడు వస్తున్న అభ్యంతరాలకు జవాబు కూడా ఇందులోనే ఉంది.

మోతే ముఖ్యమైతే డైనమైట్ చాలు. మొదట్లో సముద్రంలో వాడిందీ దాన్నే. చేపలు చచ్చి తేలేవి, పడవలో ఉన్నవాళ్ల ప్రాణాలకు పూచీ లేదు. శాస్త్రం దృష్టిలో అంతకన్నా పెద్ద లోపం ఇంకొకటుంది: ఒక పేలుడు మరో పేలుడులా ఉండదు, రోజుకు ఎక్కువ పేల్చడమూ కుదరదు. ఇక్కడే హ్యారీ మేన్ అనే భూభౌతిక శాస్త్రవేత్త ఆలోచన అక్కరకొచ్చింది. భూగర్భంలో ఒకే బిందువు నుంచి వచ్చే ప్రతిధ్వనిని వేర్వేరు దూరాల నుంచి పలుమార్లు రికార్డు చేసి, అన్నిటినీ కాలం సరిచేసి కలిపేయాలన్నది ఆయన పద్ధతి. దానికి 1956లో పేటెంటు వచ్చింది. 64 రికార్డులు కలిపితే అసలు ప్రతిధ్వని 64 రెట్లవుతుంది. అడ్డదిడ్డంగా వచ్చే అలల రొద మాత్రం 8 రెట్లే పెరుగుతుంది. అంటే స్పష్టత 8 రెట్లు. ఈ లెక్క పండాలంటే వేలసార్లు, అదీ ఒకే తీరున మోగే సాధనం కావాలి. 1960ల్లో స్టీఫెన్ చెల్మిన్స్కీ అనే అమెరికన్ ఇంజనీరు రూపొందించిన ఎయిర్ గన్ ఆ లోటు తీర్చింది.

చూడటానికి అదొక ఉక్కు సిలిండర్. లోపల రెండు గాలి అరలు, మధ్యలో రెండు తలలున్న పిస్టన్. ఓడ మీది కంప్రెసర్ వాతావరణ పీడనానికి సుమారు 140 రెట్ల ఒత్తిడితో గాలి నింపుతుంది. విద్యుత్ సంకేతం అందగానే చిన్న కవాటం తెరుచుకుని పిస్టన్ తూకం తప్పుతుంది. అది ఎగిరిన కొన్ని మిల్లీసెకన్లలోనే గాలి పక్క రంధ్రాల గుండా నీటిలోకి దూకుతుంది. పిస్టన్ మళ్లీ తన చోటికి వస్తుంది, గాలి నిండుతుంది, పది సెకన్లకు మళ్లీ సిద్ధం. చిక్కంతా బుడగతో వచ్చింది. బయటపడిన గాలి ఉబ్బి, కుంచించుకుని, మళ్లీ ఉబ్బుతూ అసలు చప్పుడు వెనక దొంగ చప్పుళ్లు పుట్టిస్తుంది. పెద్ద గన్ బుడగ నెమ్మదిగా, చిన్న గన్ బుడగ గబగబా ఊగుతాయి. అందుకే రకరకాల సైజుల గన్‌లను వరుసలుగా కట్టి ఒకేసారి పేలుస్తారు: మొదటి దెబ్బలన్నీ ఏకమవుతాయి, తర్వాతి ఊపులు ఒకదాన్నొకటి చాలావరకు చెరిపేసుకుంటాయి. వెనక కిలోమీటర్ల పొడవున సాగే స్ట్రీమర్ అనే కేబుల్లో వరుసగా అమర్చిన హైడ్రోఫోన్లు తిరిగొచ్చే పీడనాన్ని విద్యుత్తుగా మారుస్తాయి.

ఒకేలా మోగడం ఎంతటి వరమో నార్వే తీరంలోని స్లైప్నర్ గ్యాస్ క్షేత్రం చూపించింది. అక్కడ 1996 నుంచి ఏటా దాదాపు పది లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడును ఉట్సీరా అనే ఇసుకరాతి పొరలోకి ఎక్కించారు. అది ఎక్కడికి పోతోంది? 1999 నుంచి అదే చోట సర్వే మళ్లీ మళ్లీ చేసి, కొత్త రికార్డు నుంచి పాతదాన్ని తీసేశారు. మారని రాయి లెక్కలోంచి తప్పుకుంది. కదులుతున్న వాయువు పొరపొరలుగా విస్తరిస్తున్న తీరు బయటపడింది. చప్పుడు ప్రతిసారీ మారి ఉంటే ఈ తీసివేతకు అర్థమే ఉండేది కాదు.

శబ్దం ఆకారం చెబుతుంది గానీ అందులో ఏముందో చెప్పదుగా అని అడగవచ్చు. నిజమే, దీన్ని తేలిగ్గా తీసేయకూడదు. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ ఓడ మన తీరాల్లో గ్యాస్ హైడ్రేట్ల (వాయువు చిక్కుకున్న మంచులాంటి గడ్డల) కోసం తవ్వినప్పుడు ఇదే తేలింది. సముద్రపు అడుగుకు సమాంతరంగా కనిపించే ఒక ప్రతిధ్వని హైడ్రేట్లకు గుర్తు. పైన హైడ్రేటుతో గట్టిపడ్డ మట్టి, కింద విడి వాయువు ఉంటే అది పుడుతుంది. కృష్ణా గోదావరి బేసిన్‌లోని పదో స్థానంలో సుమారు 128 మీటర్ల మందాన బంకమట్టి పగుళ్లలో హైడ్రేటు దొరికింది. అలాంటి గుర్తు చూసే తవ్వినా, కేరళ-కొంకణ్ బేసిన్‌లోని మొదటి స్థానంలో మాత్రం ఏమీ దొరకలేదు. ఇలాంటి లోటు పూడ్చడానికే అంతకుముందే మరో సాధనం తోడైంది. ఉప్పునీరు నిండిన రాయి విద్యుత్తును పోనిస్తుంది, చమురు నిండిన రాయి అడ్డుకుంటుంది. ఈ తేడాను విద్యుదయస్కాంత తరంగాలతో పట్టే పద్ధతిని 2000లో నార్వే కంపెనీ స్టాటాయిల్ అంగోలా తీరంలో పరీక్షించింది. అయితే దాని చిత్రం మసకగా ఉంటుంది. ఎక్కడ వెతకాలో హద్దులు గీసిచ్చేది ఇప్పటికీ శబ్దమే.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. బారెంట్స్ సముద్రంలో నార్వే పరిశోధకులు చేసిన ప్రయోగంలో, సర్వే మొదలయ్యాక కాడ్, హాడక్ చేపల వేట సగానికి పడిపోయింది. ప్రభావం 33 కిలోమీటర్ల దూరం దాకా కనిపించింది. చేపల సంగతి అలా ఉంచితే, 2017లో టాస్మేనియా దగ్గర ఒకే ఒక్క గన్ పేల్చి చూస్తే, 1.2 కిలోమీటర్ల దాకా చచ్చిన జంతు ప్లవకాల వంతు రెండు మూడు రెట్లయింది. గన్‌కు అతి దగ్గరలో తప్ప పెద్ద నష్టం లేదని తర్వాత మరో ప్రయోగం తేల్చింది గనక వివాదం ముగియలేదు. అయినా మత్స్యకారుడి ఫిర్యాదును అపోహ అని కొట్టేసే హక్కు ఇంకెవరికీ లేదు. నా వాదన ఇక్కడే పనికొస్తుంది. కావలసింది మోత కాదు, పోలిక చెడని పునరావృతం అయినప్పుడు, అదే శక్తిని ఒక్క దెబ్బలో కాక కొన్ని సెకన్ల పాటు పరిచి పంపే మెరైన్ వైబ్రేటర్లతోనూ పని జరగాలి. చెల్మిన్స్కీయే వృద్ధాప్యంలో తక్కువ ఒత్తిడి, ఎక్కువ గాలితో పనిచేసే కొత్త గన్ తయారుచేశారు. చమురు వేటకు అక్కర్లేని హెచ్చు పౌనఃపున్యాలు అందులో బాగా తక్కువ. కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్‌కు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే నెలల్లో ఆ చుట్టుపక్కల సర్వేలు ఆపడం, కొత్త చప్పుడుకు ముందు నోయిడాలోని నేషనల్ డేటా రిపాజిటరీలో ఉన్న పాత రికార్డులను ఇప్పటి కంప్యూటర్లతో మళ్లీ లెక్కకట్టడం అసాధ్యమైన కోరికలేం కావు. పాత రికార్డు అలా మళ్లీ పనికొస్తోందంటే, దాని వెనకున్న ప్రతి చప్పుడూ ఒకేలా మోగబట్టే.