ఒత్తుల కింద గీత వద్దు

మా పత్రికకి వచ్చే రచనలు తెరిచి చూడడం నా పని. కథలు, కవితలు, వంటలు, పాఠకుల ఉత్తరాలు ఇప్పుడు దాదాపు అన్నీ మెయిల్లోనే వస్తున్నాయి. అందులోనూ జీమెయిల్ నుంచి వచ్చేవే ఎక్కువ. ఒకరి కథ మొదటి నుంచి చివరిదాకా ఎర్ర అక్షరాల్లో ఉంటుంది. ఇంకొకరు ప్రతి సంభాషణ కిందా గీత గీస్తారు. మరొకరి వ్యాసం పేరా అన్నదే లేకుండా ఏకబిగిన సాగుతుంది. వీళ్లెవరూ అశ్రద్ధగా పంపినవాళ్లు కారు. చాలామంది చక్కగా కనబడాలని ఇంకాసేపు కూర్చుని దిద్దినవాళ్లే. ఆ కష్టమంతా నా తెర మీదికి వచ్చేసరికి చెదిరిపోతోందే అన్నదే నా బాధ.

ఎందుకు చెదురుతుందో అర్థం కావాలంటే మెయిల్ ఎలా వెళ్తుందో కొంచెం తెలియాలి. 1971లో రే టామ్లిన్సన్ నెట్‌వర్క్ మీద మెయిల్ పంపిన తర్వాత చాలా ఏళ్లపాటు అందులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు తప్ప ఇంకేమీ వెళ్లేవి కావు. 1992లో నథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ కలిసి మైమ్ అనే పద్ధతి తయారుచేశారు. రంగులకీ, ఫొటోలకీ, ఇతర లిపులకీ మెయిల్లో దారి దొరికింది దాంతోనే. 2004 ఏప్రిల్ 1న మొదలైన జీమెయిల్ కూడా ఆ పద్ధతి మీదే నడుస్తోంది. మీరు ఒక మాటని బోల్డ్ చేసి పంపితే ఒకే మెయిల్లో రెండు ప్రతులు బయల్దేరతాయి. ఒకటి అలంకారాలతో, ఇంకొకటి ఒట్టి అక్షరాలతో. ఏది చూపించాలో అవతలివాళ్ల ఫోనో కంప్యూటరో నిర్ణయిస్తుంది. ఒట్టి ప్రతిలో రంగులూ సైజులూ పోతాయి, బోల్డ్ చేసిన మాటకి అటూ ఇటూ నక్షత్రం గుర్తులు మిగులుతాయి. పోనీ అలంకారాల ప్రతైనా మీరు చూసినట్టే కనబడుతుందా అంటే, ఆ హామీ లేదు.

తెలుగులో అయితే అసలే లేదు. కంప్యూటర్లో రాసే పెట్టె అడుగున ఇంగ్లీషు 'ఏ' అక్షరం గుర్తు మీద నొక్కితే ఫార్మాటింగ్ పట్టీ వస్తుంది. అందులో ఫాంట్ల జాబితా ఉంటుంది. జార్జియా, వెర్డానా, గారమండ్, ఇంకా కొన్ని. వాటిలో తెలుగు అక్షరాలు లేవు. మీరు ఏది ఎంచుకున్నా మారేది మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటలూ అంకెలే. తెలుగుని మాత్రం చదివేవాళ్ల యంత్రం తన దగ్గరున్న ఫాంట్‌తో చూపిస్తుంది. ఇప్పటి విండోస్‌లో అయితే నిర్మలా, పాత విండోస్‌లో గౌతమి, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో. కాబట్టి ఫాంటు వెతకడానికి సమయం పెట్టకండి. సైజు మాత్రం పనికొస్తుంది. నార్మల్‌లో అక్షరాలు ఇరుకుగా ఉన్నాయనిపిస్తే లార్జ్ పెట్టండి. పెద్దవాళ్లకి రాస్తుంటే తప్పకుండా పెట్టండి.

ఇక గీత. ఇంగ్లీషులో అక్షరాలు చాలావరకు ఒక వరుస మీద నిలబడతాయి, కింద గీత గీస్తే ఇబ్బంది లేదు. మనకి ఒత్తులు చాలావరకు ఆ వరుస కిందే ఉంటాయి. 'రాష్ట్రం', 'స్త్రీ', 'లక్ష్మి' అని రాసి కింద గీత పెట్టి చూడండి. గీత ఒత్తుల మీదుగా కోసుకుపోతుంది, లేదా ఒత్తు వచ్చిన చోటల్లా తెగి ముక్కలవుతుంది. రెండూ చదవడానికి కష్టమే. పైగా తెర మీద కింద గీత ఉన్న మాటని జనం లింకు అనుకుని నొక్కుతారు. ఇటాలిక్ సంగతీ అంతే. ఎక్కువ తెలుగు ఫాంట్లలో వాలు అక్షరాలు విడిగా గీసి ఉండవు. నిటారు అక్షరాన్నే కంప్యూటరు పక్కకి వంచేస్తుంది. బోల్డ్ ఒక్కటే మనకి నమ్మకమైంది. కంట్రోల్ నొక్కిపట్టి బి కొడితే చాలు. అయినా శీర్షికకో, తేదీకో, ఒక ముఖ్యమైన మాటకో పరిమితం చెయ్యండి. చిన్న సైజులో బోల్డ్ చేస్తే 'థ' లోపలి చుక్క పూడుకుపోయి 'ధ' లాగే కనబడుతుంది.

మాకు ఎక్కువ తలనొప్పి తెచ్చేది వేరేచోట రాసి తెచ్చి అతికించడం. వర్డ్ నుంచో, ఏదైనా వెబ్‌సైట్ నుంచో కాపీ చేస్తే అక్షరాలతోపాటు వాటి రంగు, సైజు, వెనకున్న తెల్లటి పూత కూడా వచ్చేస్తాయి. డార్క్ మోడ్ పెట్టుకున్న ఫోన్లో ఆ తెల్ల పట్టీలు కళ్లలో పొడుస్తాయి. అతికించేటప్పుడు కంట్రోల్, షిఫ్ట్, వి మూడూ కలిపి నొక్కితే ఒట్టి అక్షరాలే వస్తాయి. ముందే అతికించేసి ఉంటే అంతా ఎంచుకుని పట్టీలో ఫార్మాటింగ్ తీసేసే గుర్తు నొక్కండి. అను ఫాంట్లలో టైపు చేయించినది మాత్రం దీనితో బాగుపడదు. అది యూనికోడ్ కాదు, మెయిల్లో పెడితే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన గజిబిజి మిగులుతుంది. యూనికోడ్‌లోకి మార్పించాకే పంపాలి.

వంటల శీర్షికకి రాసేవాళ్లకి ఒక మాట. గుత్తివంకాయ కూరకి కావలసినవి రాస్తూ, వంకాయలు ఒక పక్క, పావుకిలో ఇంకో పక్క వచ్చేలా స్పేస్ కొట్టుకుంటూ పోతారు. మీ తెర మీద తిన్నగా ఉన్న ఆ వరుస నా దగ్గర వంకర్లు పోతుంది, ఎందుకంటే అక్షరాల వెడల్పు ఫాంటుని బట్టి మారుతుంది. 'వంకాయలు: పావుకిలో' అని ఒక్కో వరుసలో ఒక్కొక్కటి రాస్తే ఎక్కడా చెదరదు. తయారీకి అంకెల జాబితా వాడండి. కంట్రోల్, షిఫ్ట్, 7 కలిపి నొక్కితే అదే మొదలవుతుంది. మధ్యలో ఒక మెట్టు మరిచిపోయి తర్వాత చేర్చినా అంకెలు వాటంతటవే సర్దుకుంటాయి. ఫోన్లో ఇన్ని సదుపాయాలు దొరకవు. అక్షరాల్ని నొక్కిపట్టి ఎంచుకుంటే వచ్చే మెనూలో ఫార్మాట్ అని ఉంటుంది, బోల్డ్, రంగు లాంటివి అక్కడ ఉంటాయి. జాబితా అంకెలు మీరే వేసుకోండి, ఏమీ నష్టం లేదు.

మాకు కథలు రాసే ఒక పెద్దాయనకి చూపు లేదు. మెయిల్స్ స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తే వింటారు. ఒకసారి మా ఆఫీసు నుంచి ఆయన కథ మీద సూచనలు వెళ్లాయి, మార్చాల్సినవి ఎర్రరంగులో ఉన్నాయని. ఆయన ఫోన్ చేసి, "ఎరుపు నాకెలా వినబడుతుందమ్మా? ఒకటి, రెండు అని అంకెలేసి పంపించు" అన్నారు. జాబితా బటన్‌తో వేస్తే అందులో ఎన్ని అంశాలున్నాయో స్క్రీన్ రీడర్ ముందే చెప్తుంది. రంగులు పోల్చుకోలేని వాళ్లకీ ఇదే సుఖం. అప్పటినుంచి నేను ఎవరికి సూచనలు పంపినా అంకెలతోనే పంపుతున్నాను. రంగు వాడాల్సివస్తే పక్కన 'మార్చాలి' అన్న మాట కూడా రాస్తాను.

ముఖ్యమైన మెయిల్ అయితే ముందు మీ సొంత అడ్రసుకే పంపుకుని, కంప్యూటర్లో రాసినది ఫోన్లోనూ, ఫోన్లో రాసినది కంప్యూటర్లోనూ తెరిచి చూడండి. డార్క్ మోడ్ పెట్టి కూడా ఒకసారి చూడండి. పేరాల మధ్య ఖాళీ నిలిచిందా, పక్కకి జరపకుండా వరుస మొత్తం చదవగలుగుతున్నారా, కథ పేరూ మీ పేరూ వెంటనే దొరుకుతున్నాయా అని చూసుకుని, అప్పుడు మాకు పంపండి.