ఇంగ్లీషు వాక్యంలో వరుస తప్పకుండా రాయడం ఎలా?



మన పిల్లలు ఇంగ్లీషులో లెటర్ రాస్తే స్పెల్లింగు బాగానే ఉంటుంది, వాక్యం మాత్రం తడబడుతుంది. దానికి ఒక ముఖ్య కారణం తెలుసుకుంటే ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. ఇంగ్లీషు చదవడం రాని అమ్మానాన్నలు కూడా అందుకోవాలని ఉదాహరణలన్నీ తెలుగు అక్షరాల్లోనే ఇస్తున్నాను.

బోనఫైడ్ సర్టిఫికెట్ కోసం ఒక అబ్బాయి ఇలా రాశాడనుకుందాం: "ఐ నీడ్ ఎ బోనఫైడ్ సర్టిఫికెట్ టు అప్లై ఫర్ ఎ స్కాలర్‌షిప్, ఓపెనింగ్ ఎ బ్యాంక్ అకౌంట్ అండ్ ఎ బస్ పాస్."

బస్ పాస్ తీసుకోవడానికి సర్టిఫికెట్ అడుగుతున్నాడా, లేక సర్టిఫికెట్‌తో పాటు బస్ పాస్ కూడా ఇమ్మంటున్నాడా? చదివేవారికి తెలియదు. మూడు పనులనూ ఒకే రూపంలో పెడితే ఆ సందేహమే రాదు: "టు అప్లై ఫర్ ఎ స్కాలర్‌షిప్, టు ఓపెన్ ఎ బ్యాంక్ అకౌంట్ అండ్ టు గెట్ ఎ బస్ పాస్." మూడుసార్లూ "టు", దాని వెంట క్రియ. దీన్నే ప్యారలల్ స్ట్రక్చర్ అంటారు. ఒకే వరుసలో ఉన్న మాటలకు ఒకే రూపం ఉండాలని దాని అర్థం.

ఇది మనకు కొత్తేం కాదు. "నాకు చదవడం, పాడడం, ఆడడం ఇష్టం" అంటాం. "చదవడం, పాడడం, ఆడటానికి ఇష్టం" అని చిన్నపిల్లలు కూడా అనరు. మరి ఇంగ్లీషులో "ఐ లైక్ రీడింగ్, సింగింగ్ అండ్ టు ప్లే" అని ఎందుకు రాస్తున్నారు? మన "డం" ఒక్కదానికి అక్కడ "ఇంగ్", "టు" అని రెండు రూపాలున్నాయి. "లైక్" తరవాత ఏదైనా సరే. ఒకే వరుసలో రెండూ కలిపితేనే చిక్కు.

ఇంకో చిక్కు మన భాష అలవాటు వల్ల వస్తుంది. "పొద్దున లేచి, స్నానం చేసి, టిఫిన్ తిని, బడికి వచ్చాను" అంటాం. ఇందులో కాలం చెప్పేది చివరి క్రియ ఒక్కటే. మిగతావి దాన్ని ఆనుకుని నడుస్తాయి. మన చుట్టూ వినపడే తమిళం తీరు కూడా ఇంతే. ఆ అలవాటుతోనే పిల్లలు "ఐ గెట్ అప్, టేకింగ్ బాత్, ఈట్ టిఫిన్ అండ్ కేమ్ టు స్కూల్" అని రాసేస్తారు. ఇంగ్లీషులో ఇలా వరసగా వచ్చే ప్రతి క్రియా తన కాలాన్ని తానే చెప్పుకోవాలి: "ఐ గాట్ అప్, టుక్ ఎ బాత్, ఏట్ టిఫిన్ అండ్ కేమ్ టు స్కూల్."

పెద్ద వాక్యానికి మంచి ఉదాహరణ మన రాజ్యాంగ పీఠిక. 1949 నవంబరు 26న ఆమోదించిన ఆ పీఠిక ఇంగ్లీషు పాఠంలో పౌరులకు చెప్పినవి జస్టిస్, లిబర్టీ, ఈక్వాలిటీ, ఫ్రెటర్నిటీ. నాలుగూ నామవాచకాలే. 1976లో 42వ సవరణ ద్వారా "సోషలిస్ట్", "సెక్యులర్" అనే మాటలు చేర్చారు. అంతకుముందే ఉన్న "సావరిన్", "డెమొక్రటిక్" లాగా ఇవీ విశేషణాలే. "సోషలిజం" అని చేర్చి ఉంటే వరుస చెడిపోయేది. పీఠిక మొత్తం ఒకటే వాక్యమైనా చదివేవారు దారి తప్పరంటే ఈ వరుస వల్లనే.

పిల్లలూ, రాసింది ఇచ్చేముందు ఈ మూడు పనులు చేయండి:

1. "అండ్", "ఆర్", "బట్" ఎక్కడున్నాయో చూసి కింద గీత గీయండి.
2. ఆ మాట కలిపే వాటిని ఒకదాని కింద ఒకటి రాయండి.
3. అన్నీ "టు"తోనా, అన్నీ "ఇంగ్"తోనా, అన్నీ ఒకే కాలంలోనా అని సరిచూడండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఆదివారం పొద్దున చేసిన నాలుగు పనులను ఒకే ఇంగ్లీషు వాక్యంలో రాసి, పైకి చదవమనండి. తరవాత ఒక్కొక్క క్రియనూ చూపించి "ఇది జరిగిపోయిందా, జరుగుతోందా?" అని తెలుగులోనే అడగండి. నాలుగింటికీ ఒకే జవాబు రావాలి. ఈ ప్రశ్న అడగడానికి మీకు ఇంగ్లీషు రానక్కర్లేదు.