బడి భాషను ఎవరు నిర్ణయించారు? ప్యూర్టోరికో పిల్లల కథ

ఎనిమిదో తరగతిలో సాంఘికశాస్త్రం చెబుతుండగా వెనక బెంచీ పిల్లవాడు లేచాడు. ‘‘సార్, ప్యూర్టోరికో వాళ్లు అమెరికా పౌరులన్నారు కదా. మరి 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్‌లో అమెరికాను 92-73తో ఎలా ఓడించారు? వాళ్ల మీద వాళ్లే ఆడుకున్నారా?’’ క్లాసంతా నవ్వింది. నిజానికి అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు. ఆ రోజు పాఠం పక్కన పెట్టి ఈ ద్వీపం సంగతే చెప్పాను.

ప్యూర్టోరికో కరీబియన్ సముద్రంలో ఉంది. జనాభా సుమారు 32 లక్షలు, ఇంటి భాష స్పానిష్. నాలుగు వందల ఏళ్లు స్పెయిన్ ఏలింది. 1898 యుద్ధంలో ఓడిపోయి ఆ ద్వీపాన్ని అమెరికాకు అప్పగించింది. ఆ అప్పగింతలో అక్కడి జనాన్ని అడిగినవారు లేరు. 1917లో వారిని అమెరికా పౌరులను చేశారు గాని రాష్ట్రం ఇవ్వలేదు.

పౌరుడికి ఉండవలసినవి ఏమేం లేవో చూడండి. ద్వీపంలో ఉన్నంతకాలం అధ్యక్షుడి ఎన్నికలో ఓటు లేదు. అదే మనిషి ఫ్లోరిడాకు కాపురం మారితే ఓటు వస్తుంది. ఫ్లోరిడా మనిషి ఇక్కడికొచ్చి స్థిరపడితే ఓటు పోతుంది. కాంగ్రెస్ దిగువసభకు ఒక ప్రతినిధిని పంపుతారు. ఆయన మాట్లాడవచ్చు, సభలో చివరి ఓటు మాత్రం వేయలేడు. న్యూయార్క్‌లో ఉండగా వికలాంగుల సహాయం అందుకుంటున్న ఒకాయన ఈ ద్వీపానికి మకాం మార్చాడు. ఇక్కడున్న కాలానికి ఇచ్చిన 28 వేల డాలర్లకు పైగా వెనక్కి కట్టమంది ప్రభుత్వం. ద్వీపవాసులకు ఆ సహాయం ఇవ్వకపోయినా రాజ్యాంగ విరుద్ధం కాదని 2022లో సుప్రీంకోర్టు 8-1తో తేల్చింది. ద్వీపంలో వచ్చే ఆదాయం మీద చాలామందికి కేంద్ర ఆదాయపన్ను లేదన్నది నిజమే. ఆ తీర్పులో అదీ ఒక కారణమే.

రాష్ట్రం కాకపోవడం ఒక్కటే లోపం కాదని చెప్పడానికి మన దగ్గరి ఉదాహరణే చాలు. యానాం రాష్ట్రం కాదు, కేంద్రపాలిత పుదుచ్చేరిలో భాగం. అయినా అక్కడి ఓటరు ఎమ్మెల్యేని ఎన్నుకుంటాడు, లోక్‌సభకూ ఓటేస్తాడు. శాసనసభ లేని అండమాన్, లక్షద్వీప్‌లకు కూడా చెరొక ఎంపీ ఉన్నారు. ఆ ఎంపీ ఓటు మిగతా ఎంపీల ఓటుతో సమానం.

ఇక మనకు బాగా తగిలే విషయానికి వస్తాను. 1900 నాటి చట్టం ప్రకారం ద్వీపంలో విద్యాశాఖ అధిపతిని నియమించేది అమెరికా అధ్యక్షుడు. ఇంకేముంది, అధిపతి మారినప్పుడల్లా బడి భాష మారింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అన్ని తరగతుల్లోనూ ఇంగ్లీషు బోధన పెట్టారు. స్పానిష్ మాతృభాషగా ఉన్న టీచరు, స్పానిష్ తప్ప తెలియని పిల్లలకు, లెక్కలు ఇంగ్లీషులో చెప్పాలి. తెలుగు పిల్లలకు ఇంకో భాషలో పాఠం చెప్పి చూసినవారికి ఆ తరగతి ఎలా ఉంటుందో నేను వర్ణించక్కర్లేదు. 1915లో స్పానిష్ బోధన కోరే బిల్లుకు సంతకాలు సేకరించాడని శాంతుర్సేలోని ఉన్నత పాఠశాల ఒక విద్యార్థిని బయటికి పంపేసింది. తర్వాత చిన్న తరగతులకు స్పానిష్, పెద్ద తరగతులకు ఇంగ్లీషు అన్నారు. 1934లో హోసే పాదిన్ అనే అధిపతి ఎనిమిదో తరగతి వరకు స్పానిష్‌లోనే చెప్పమన్నాడు. ఆయన పదవి మూడేళ్లు తిరక్కుండానే పోయింది. 1937లో కొత్త అధిపతికి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ స్వయంగా లేఖ రాసి ఇంగ్లీషు గట్టిగా నేర్పమన్నాడు.

ఆఖరికి ద్వీపం పేరు కూడా వాళ్ల నోటికి తిరిగినట్టే రాశారు. అధికార పత్రాల్లో ‘పోర్టోరికో’. సరైన పేరు తిరిగి రావడానికి 1932 దాకా పట్టింది.

1946లో ద్వీప శాసనసభ స్పానిష్ బోధనకు బిల్లు తెచ్చింది. గవర్నరు కాదన్నాడు, సభ పట్టుబట్టి మళ్లీ గెలిపించింది. చివరికి వాషింగ్టన్‌లో ట్రూమన్ తిరస్కరించాడు. ఇక్కడే కథ మలుపు తిరిగింది. 1947లో గవర్నరును జనమే ఎన్నుకునేలా చట్టం వచ్చింది. 1948లో గెలిచిన లూయిస్ మున్యోస్ మారిన్ విద్యాశాఖను మరియానో విల్లారోంగాకు అప్పగించాడు. స్పానిష్ వైపు మాట్లాడాడన్న కారణంతో అంతకు ముందు అమెరికా సెనేట్ ఆమోదించని మనిషి ఆయనే! 1949లో అన్ని తరగతులకూ స్పానిష్ బోధనా భాష అయింది, ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టుగా మిగిలింది. యాభై ఏళ్ల వాదన ఒక ఓటుపెట్టెతో తీరింది.

1952లో సొంత రాజ్యాంగం వచ్చింది. స్పానిష్‌లో పెట్టుకున్న పేరుకు అర్థం ‘స్వేచ్ఛాయుత అనుబంధ రాజ్యం’. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నట్టు, చివరి మాట ఇప్పటికీ కాంగ్రెస్‌దే. అప్పుల్లో కూరుకుపోయినప్పుడు 2016లో ఖర్చుల మీద పెత్తనానికి ఒక బోర్డును వేసింది. ఆ తర్వాతి రెండేళ్లలో వందల ప్రభుత్వ బడులు మూతపడ్డాయి.

హోదా మీద 1967 నుంచి 2024 దాకా ఏడుసార్లు ఓటింగు జరిగింది. 2024లో దాదాపు 58 శాతం రాష్ట్ర హోదాకు మొగ్గారు. కాంగ్రెస్ దానికి కట్టుబడనక్కర్లేదు. 2022 డిసెంబరులో దిగువసభ ఒక బిల్లును ఆమోదిస్తే సెనేట్ దాన్ని చేపట్టనే లేదు.

ఇదంతా విన్నాక ఆ పిల్లవాడే మళ్లీ చెయ్యెత్తాడు. ‘‘రాష్ట్రమైతే ఒలింపిక్స్ జట్టు పోతుందా సార్?’’ పోవచ్చు అన్నాను. ద్వీపంలో రాష్ట్ర హోదా వద్దనేవాళ్లు అడిగే ప్రశ్నల్లో అదొకటి.