చౌక బేరంలో కోత ఎవరికి?

కొలతలోనూ తూకంలోనూ మోసం చేయడం పాపమని మనందరికీ తెలుసు. దైవప్రవక్త షుఐబ్ (అలైహిస్సలాం) మద్‌యన్ ప్రజలను హెచ్చరించింది ఈ విషయం గురించే. తూకం సరిగా వేయమని చెప్పి ఆయన ఊరుకోలేదు. ప్రజలకు న్యాయంగా రావలసినదానిలో కోత పెట్టవద్దని కూడా బోధించారు. ఈ రెండో హెచ్చరిక మనిషి శ్రమకు కట్టే వెలకూ వర్తిస్తుంది. త్రాసు పట్టుకున్న వర్తకుడు ఎలా కోత పెట్టగలడో, బేరమాడే కొనుగోలుదారుడు కూడా అలాగే పెట్టగలడు. బ్రిటన్‌లో చెట్ల కొమ్మలు కోసేవారి పరిస్థితి చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది.

అంకె ఒక్కటే కనిపిస్తుంది

అక్కడ వీరిని ట్రీ సర్జన్లు అంటారు. ఇళ్ల పెరళ్లలో, రోడ్ల పక్కన తాళ్ల సాయంతో చెట్లెక్కి, మోటారు రంపంతో కొమ్మలు కోసి జాగ్రత్తగా కిందికి దించడం వీరి పని. పేరులో సర్జన్ ఉన్నా, ఆ బోర్డు పెట్టుకోవడానికి లైసెన్సు ఏదీ అక్కర్లేదు. ఏళ్ల తరబడి పని నేర్చినవాడూ, నిన్న రంపం కొన్నవాడూ ఒకే గుమ్మం ముందు నిలబడి రేటు చెబుతారు. ఇంటి యజమానికి వారిద్దరి తేడా తెలియదు. ఆయనకు కనిపించేది అంకె ఒక్కటే.

ఆ అంకెలో ఏమేమి ఉండాలి? మోటారు రంపం వాడేవాడికి శిక్షణ ఉండాలి. 1998 నాటి నిబంధనల ప్రకారం మనిషిని మోసే తాళ్లను, బెల్టులను ఆరు నెలలకొకసారి నిపుణుడు పరీక్షించాలి. పనివాళ్లను పెట్టుకున్న యజమాని 1969 నాటి చట్టం ప్రకారం కనీసం 50 లక్షల పౌన్ల బీమా చేయించాలి. పైనున్నవాడికి ప్రమాదం జరిగితే ఎక్కి దించగల మరొకడు కింద సిద్ధంగా ఉండాలి. వాహనం, డీజిలు, కోసిన కొమ్మలను తరలించే ఖర్చు సరేసరి.

వీటిని ఎగ్గొట్టినవాడు సగం ధరకే ఒప్పుకోగలడు. అప్పుడు నియమం పాటించేవాడు ఏం చేయాలి? పని వదులుకోవాలి, లేదా తానూ రేటు తగ్గించాలి. డీజిలు ధర ఆయన కోసం తగ్గదు. బీమా కంపెనీ కనికరించదు. ఇక మిగిలింది పనివాడి కూలే.

చట్టానికి అందని కూలి

బ్రిటన్‌లో 1999 ఏప్రిల్ నుంచి జాతీయ కనీస వేతనం అమలులో ఉంది. 2025 ఏప్రిల్‌లో 21 ఏళ్లు నిండినవారికి దానిని గంటకు 12.21 పౌన్లు చేశారు. అయితే స్వయం ఉపాధి కింద లెక్కకు వచ్చేవారికి ఈ చట్టం వర్తించదు. చెట్లెక్కేవారిలో చాలామంది రోజు కూలికి ఈరోజు ఒకరి దగ్గర, రేపు మరొకరి దగ్గర పనిచేసేవారే. గాలివానకు పని ఆగితే ఆ రోజు కూలి లేదు. జబ్బు చేస్తే జీతం లేదు. తాడు, బెల్టు, రంపం కూడా తరచు సొంత డబ్బుతోనే కొనుక్కోవాలి. చేతికొచ్చే కూలి తగ్గినప్పుడు అరిగిన తాడును మార్చడం వచ్చే నెలకు వాయిదా పడుతుంది. ఆ తాడు మీదే అతని ప్రాణం, అతని పిల్లల అన్నం వేలాడుతున్నాయి.

2012లో బ్రిటన్‌లో యాష్ చెట్లకు ఒక శిలీంధ్ర తెగులు సోకినట్లు బయటపడింది. ఈ తెగులుతో ఎండిన కొమ్మ పెళుసుబారి, ఏ క్షణాన విరుగుతుందో తెలియదు. అలాంటి చెట్టు మీదికి మనిషి ఎక్కకుండా, లిఫ్టు బండి తెప్పించి దాని బుట్టలో నిలబడి కోయడమే క్షేమం. బండికి అద్దె అవుతుంది. తక్కువ రేటుకు ఒప్పుకున్నవాడు ఆ అద్దె ఎక్కడినుంచి తేగలడు?

రేటు పడగొట్టేవాడు కూడా ధనవంతుడేమీ కాదు. చాలాసార్లు అతడూ నిన్నటి కూలివాడే. రంపం పాడైన రోజున కొత్తది కొనడానికి అతని దగ్గరా డబ్బు ఉండదు.

నష్టం ఇంటి యజమానికీ ఉంది. పని తెలియనివాడు చెట్టు తల మొత్తం నరికేస్తాడు. ఆ గాయాల నుంచి కుళ్లు మొదలవుతుంది. కొత్తగా వచ్చే కొమ్మలు బలహీనంగా పెరుగుతాయి. కొన్నేళ్లకు మళ్లీ ఖర్చు తప్పదు. పైగా అక్కడ రక్షిత చెట్లను అనుమతి లేకుండా నరికితే, నరికించినవారికి కూడా జరిమానా పడవచ్చు.

మనం ఏం చేయాలి?

బ్రిటన్‌లో స్థిరపడి సొంత ఇళ్లు కట్టుకున్న, కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఇది నిత్య జీవితంలో ఎదురయ్యే విషయమే. ఇక్కడ మనకూ దూరమైనది కాదు. కోనసీమలో కొబ్బరికాయలు దింపేవాడు, మన ఇంటి కప్పు మీది మామిడి కొమ్మ కొట్టేవాడు ఎక్కేదీ అలాంటి ఎత్తుకే. కొబ్బరి చెట్లెక్కేవారి కోసం కొబ్బరి అభివృద్ధి మండలి ‘కేర సురక్ష’ అనే ప్రమాద బీమా పథకం నడుపుతోంది. మన చెట్టెక్కే మనిషికి అది ఉందా అని ఎప్పుడైనా అడిగామా?

బేరమాడటం తప్పు కాదు. తక్కువ ధర చెప్పిన ప్రతివాడూ మోసగాడూ కాదు. కానీ ఇద్దరి రేట్ల మధ్య పెద్ద తేడా ఉన్నప్పుడు, దేన్ని తగ్గించి ఇంత తక్కువకు చేస్తున్నావని అడగడం మన బాధ్యత. ఎంతమంది వస్తారు, తాడు ఎప్పటిది, బీమా ఉందా, పనివాడికి ఎంత ముడుతుంది? జవాబు సరిగా రాకపోతే, మనకు మిగిలిన ఆ నాలుగు డబ్బులు ఒక కష్టజీవి హక్కులోంచి కోసినవేనని గ్రహించాలి. త్రాసు మన చేతిలో లేకపోయినా లెక్క మాత్రం మనమూ అప్పజెప్పవలసిందే.